మేజోళ్లలో నెలవంక

ఓడ కడుపులోంచి కార్లు ఒకదాని వెనక ఒకటి రేవులోకి దిగుతున్నాయి. ప్రతి కారు నెత్తిమీదా దాని ఎత్తంత సామాను: పరుపులు, పిల్లల సైకిళ్లు, టార్పాలిన్ కింద బట్టలుతికే మెషీన్లు. ఖమిస్సీ కారు నెత్తి మాత్రం బోడిగా ఉంది. అదే అతని కొంప ముంచింది. సముద్రం అవతల మార్సెయి నుంచి వచ్చేవాడి కారు మీద ఏమీ లేదంటే, లోపల ఏదో ఉందనేగా అర్థం!

"పక్కకి ఆపన్నా. డిక్కీ తియ్యి," అన్నాడు కస్టమ్స్ ఆఫీసరు.

సన్నగా, పొడుగ్గా, నవ్వడం మానేసి చాలా కాలమైనట్టున్న మనిషి. పాస్‌పోర్టులో 'ఉపాధ్యాయుడు' అన్నది చదివి, ముందు కాఫీ పొట్లాలు తీశాడు. తర్వాత జున్ను డబ్బాలు, సబ్బులు, ఖమిస్సీ భార్య జులీఖా మార్సెయిలో బంధువుల పెళ్లికి తొడుక్కున్న జరీ గౌను. అన్నీ పక్కన పెట్టి, అడుగున చెయ్యి పెట్టి ఒక ఉన్ని మేజోడు బయటికి లాగాడు. ఉత్త మేజోడుకి ఉండే బరువు కాదది.

"ఇదేంటి? బంగాళాదుంపలు కూడా అక్కణ్ణుంచే తెచ్చుకుంటున్నారా?"

ఖమిస్సీ గెల్మా అనే ఊళ్లో ఉన్నత పాఠశాల పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లల చొక్కా చేతుల మడతల్లోంచి చీటీలు లాగడంలో పేరు మోసినవాడు. తన మడతల్లోకి ఇంకొకడి చెయ్యి రావడం ఇదే మొదలు.

ఆఫీసరు మేజోడు తిరగేశాడు. అరచేతిలో ఇమిడే నల్లటి గొట్టం ఒకటి జారి పడింది. రెండు చివరలా గాజు. రెండో మేజోట్లో ఇంకొకటి.

ఐపీసులవి. టెలిస్కోపుకి కన్ను ఆనించే చోట బిగించేవి. టెలిస్కోపు ఎంత మంచిదైనా ఐపీసు నాసిదైతే ఆకాశమంతా కుడితిలో చూసినట్టుంటుంది. ఖమిస్సీ దగ్గర టెలిస్కోపు ఉంది. ఊరొదిలి పోతున్న ఒక ఇంజనీరు అతనికి అమ్మేసి పోయినది. దాంతో వచ్చిన ఐపీసు మాత్రం గీతలు పడి, మసకబారి దేనికీ పనికిరాకుండా ఉండేది. కొత్తది కొందామంటే ఇక్కడ దొరకదు. బయటి దేశాల నుంచి సంచుల్లో తెచ్చి అమ్మేవాళ్లని అడిగితే మూడింతలు చెబుతారు. అందుకే చెల్లెలి కూతురి పెళ్లికి మార్సెయి రమ్మని కబురొచ్చినప్పుడు, పెళ్లికూతురి ముఖం కంటే ముందు అతనికి ఆ ఊళ్లో పాత కెమెరాలు అమ్మే ముసలాయన కొట్టు గుర్తొచ్చింది. అనుకున్నదానికన్నా చవగ్గా వచ్చాయి కూడా. కానీ రేవులో సుంకం వేస్తే ఆ చవకంతా అక్కడే ఆవిరైపోతుంది. పైగా టెలిస్కోపు సామాను కనిపిస్తే అనుమతి కాగితాలు అడుగుతారని, లేవంటే అట్టే పెట్టేసుకుంటారని తెలిసినవాళ్లు భయపెట్టారు.

"మాట్లాడవేంటన్నా? దేనికివి?"

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. ఖమిస్సీ తల ఎత్తాడు. రేవు గోడ అవతల, ఊళ్లో, మసీదు మినారు కనబడింది. ఆ మినారు అక్కడ లేకపోతే ఇంకేం చెప్పేవాడో.

"నెలవంక కోసం," అన్నాడు. "రంజాన్ నెలవంక. మా మసీదు మీదనుంచి చూస్తాం. మసీదు కోసమే కొన్నాను. వల్లాహ్, అల్లా మీద ఒట్టు."

ఆ ఊళ్లలో ఒట్టు లేనిదే మాట నడవదు. టమాటాలు తాజావంటే వల్లాహ్, ఇంకో కప్పు కాఫీ వద్దంటే వల్లాహ్, రేపు కలుద్దామంటే వల్లాహ్. నాలుకకి అలవాటైపోయిన ముక్క. ఆలోచన కంటే ముందే నోట్లోంచి జారుతుంది.

ఆఫీసరు ముఖం మారింది. బిగుసుకున్న దవడ వదులైంది. చేతిలో ఉన్న ఐపీసు వంక కొత్తగా చూశాడు. గాజు మీద పడిన తన వేలిముద్రని చొక్కా అంచుతో మెల్లిగా తుడిచాడు.

"ముందే చెప్పొచ్చుగా మాస్టారూ! దొంగసరుకులా మేజోళ్లలో కుక్కడమేంటి?"

"పగులుతాయేమోనని..."

"మా అమ్మ హద్దాకి చెప్పాలి ఈ సంగతి. మా కొండమీద పల్లెకి నెలవంక చూసి చెప్పేది ఆవిడే. రేడియో లేని రోజుల నుంచీ. ఇప్పుడు కళ్లకి పొర కమ్మేసింది, పాపం." ఐపీసుని మేజోట్లో పెట్టి, పసిబిడ్డకి దుప్పటి చుట్టినట్టు చుట్టాడు. "నా పేరు తాహర్. మీ నంబరివ్వండి."

నంబరు మాత్రం ఖమిస్సీ నిజమైనదే చెప్పాడు. అంకెల విషయంలో అబద్ధమాడటం అతనికి చేతకాదు.

రేవు దాటారు. ఊరు దాటారు. నారింజ తోటలు మొదలయ్యాయి. అప్పుడు జులీఖా అడిగింది.

"ఏ మసీదు?"

ఖమిస్సీ గేరు మార్చాడు.

"అడుగుతున్నా కదయ్యా. శుక్రవారం నమాజుకి కూడా చివరి వరసలో నిలబడి, అందరికంటే ముందు చెప్పులు వేసుకుని వచ్చేస్తావు. ఆ మసీదేనా?"

"ఏదో నోటికొచ్చింది. వదిలెయ్యి."

"నోటికి వచ్చింది సరే. ఒట్టుని ఎవరు రమ్మన్నారు?"

అబద్ధమాడితే అతికినట్టుండాలి అంటారు. ఖమిస్సీ అబద్ధం మరీ అతికింది. ఆ అతుకే అతన్ని బాధపెట్టింది. తాహర్ గద్దించి ఉంటే, డిక్కీ అంతా చిందరవందర చేసి ఉంటే, తప్పించుకున్నానన్న తృప్తి అయినా మిగిలేది.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే మేడమీద టెలిస్కోపు నిలబెట్టి, కొత్త ఐపీసు బిగించి, ఎదురింటి సున్నం గోడవైపు తిప్పాడు. జులీఖా పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, కన్ను పెట్టింది.

"అరే! చందమామ! నెలవంక!"

"ఎదురింటి గోడమీద చందమామా?"

"వల్లాహ్, ఇదిగో, తెల్లగా, వంపుగా..."

ఖమిస్సీ నవ్వాడు. "నీ కన్ను పక్కకి జరిగింది. ఈ గాజులతో అదే చిక్కు. కన్ను సరిగ్గా నడిమధ్యన లేకపోతే ఎదుట ఉన్న వెలుగులో చాలా భాగం నల్లగా మూసుకుపోయి, అంచున ఒక వంక మాత్రం మిగుల్తుంది. గోడని చూసినా, గొర్రెని చూసినా నెలవంకే. కొంచెం వెనక్కి... ఎడమకి... ఆ!"

"గోడ," అంది జులీఖా నిరాశగా. "పగుళ్లతో సహా."

ఐపీసులు గొప్పగా ఉన్నాయి. గురుడి చుట్టూ తిరిగే చిన్న చిన్న చంద్రులు సూదిమొనల్లా కనబడ్డాయి. ఏళ్లుగా ఎదురుచూసిన దృశ్యం. అయినా ఖమిస్సీ కన్ను అక్కడ నిలవడం లేదు. మేజోడు చుట్టే ఆ చేతులు గుర్తొస్తున్నాయి. బజార్లో రేవులోలాంటి నీలం యూనిఫాం కనబడితే చాలు, కూరల బుట్ట భుజం మార్చుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూసి చిన్నప్పుడు నవ్వుకునేవాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఒకరోజు నమాజు అయ్యాక, చెప్పులు వేసుకోకుండా ఆగి, తమ పేట ఇమాముని అడిగాడు.

"ఒట్టు తప్పితే పదిమంది పేదలకి అన్నం పెట్టాలంటారు కదండీ?"

"రేపు ఫలానా పని చేస్తానని ఒట్టేసి చెయ్యకపోతే అది," అన్నాడు ఇమాము. "ఏం, జులీఖమ్మకి ఫ్రిజ్ కొంటానని ఒట్టేశారా?"

"అది కాదు. జరిగిపోయినదాని గురించి. తెలిసీ..."

ఇమాము ముఖంలో హాస్యం పోయింది. "తెలిసీ అబద్ధం మీద ఒట్టేస్తే దానికి పరిహారం లేదు మాస్టారూ. మన పెద్దలు చెప్పిందదే. పదిమందికి కాదు, పదివేల మందికి పెట్టినా తీరదు. మనిషిని ముంచేసే ఒట్టది. పశ్చాత్తాపపడాలి. ఎవరి దగ్గర వేశామో వాళ్ల దగ్గర సరిదిద్దుకోవాలి."

ఖమిస్సీ ఇంకో దారి వెతికాడు. అబద్ధాన్ని నిజం చేసేస్తే? "ఈసారి నెలవంక మన మినారు మీదనుంచి చూద్దామా? నా దగ్గర టెలిస్కోపు ఉంది."

"ఎందుకండీ శ్రమ? టీవీలో చెబుతారుగా. పైగా మినారు మెట్లకి తాళం వేశాం. పావురాలతో వేగలేక."

ఆ దారీ మూసుకుపోయింది.

రంజాన్ దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"మాస్టారూ, గుర్తుపట్టారా? రేవులో తాహర్‌ని."

దొరికిపోయానన్నది ఖమిస్సీకి వచ్చిన మొదటి ఆలోచన. దాని వెంటే ఒక విచిత్రమైన ఊరట. కానీ తాహర్ గొంతులో సంకోచం తప్ప మరేమీ లేదు.

"ఒక మాట అడగాలి. వద్దనాలంటే మొహమాటం లేకుండా అనేయండి. నెలవంక చూసే సాయంత్రం మా పల్లెకి రాగలరా? అమ్మకి పండగ దాటాక కంటి ఆపరేషను. అదంటే భయం ఆవిడకి, కత్తి పెడితే ఉన్న చూపు కూడా పోతుందని. చూపు పోయేలోపు ఒక్కసారి నెలవంక చూడాలంటోంది. మీ గాజుల గురించి చెప్పాను కదా, అప్పట్నుంచీ అదే జపం. కానీ ఆ సాయంత్రం మీ మసీదుకి మీరు లేకపోతే ఎలా, అదొక్కటే నా బాధ."

"మసీదుకి నేను లేకపోయినా ఏం ఫరవాలేదు," అన్నాడు ఖమిస్సీ. మసీదు గురించి ఆ మనిషితో అతను చెప్పిన మొదటి నిజం అది.

తర్వాత తేరుకుని, "కానీ తాహర్, ఈసారి ఆ సాయంత్రం చంద్రుడు సూర్యుడి వెంటే దిగిపోతాడు. లెక్క ప్రకారం కనబడడు. మర్నాడైతే..." అన్నాడు.

"మర్నాడేముంది మాస్టారూ! మర్నాడు మా గొర్రెలకి కూడా కనబడుతుంది. అమ్మకి కావాల్సింది ఆ సాయంత్రమే. లెక్కలు మీవి, ఇవ్వడం పైవాడిది."

ఖమిస్సీ దారి అడిగి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం ఖమిస్సీ, జులీఖా కారెక్కారు. కొండ దారి పొడుగునా వెనక సీటులో టెలిస్కోపు గొట్టం దుప్పట్లో దొర్లుతూనే ఉంది.

"ముందే చెప్పెయ్యి," అంది జులీఖా. "కారు దిగగానే. ఆకలిగా ఉన్నప్పుడు కాకుండా, కడుపు నిండాకా కాకుండా."

"ముందు ఆవిడని చూడనీ. తర్వాత చెబుతాను."

"కాళ్లు కడగడం తర్వాతైతే బురద తొక్కేటప్పుడైనా చూసుకోవాల్సింది."

పల్లె మసీదు చిన్నది. పైన చదునుగా కప్పు, మూలన పొట్టి మినారు, దానికి తెల్లటి సున్నం. కప్పు మీద అప్పటికే జనం చేరారు. మధ్యన గొర్రెతోలు మీద కూర్చుని ఉంది హద్దా. గడ్డం మీద పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది. కళ్లల్లో పాలపొర.

"ఏడీ నా కొడుకుని నవ్వించినవాడు?" అంది. "రేవు నుంచి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు నీ సంగతి. వాడి పెళ్లిలో కూడా అంత నవ్వలేదు. రోజంతా అబద్ధాలు వినే ఉద్యోగమయ్యా వాడిది. అత్తరు సీసా తెచ్చినవాడు మందంటాడు. బంగారం తెచ్చినవాడు ఇత్తడంటాడు. ఆ రోజు ఒక్కడు నిజం చెప్పాడమ్మా అన్నాడు."

ఖమిస్సీ ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ఏదైనా అనాలని చూశాడు. తాహర్ కాఫీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. మాట కాఫీతోపాటు లోపలికే పోయింది.

సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. పడమర నారింజ తొక్కలా వెలిగింది. ఖమిస్సీ టెలిస్కోపుని ఆ వెలుగులోకి తిప్పి, లెక్క ప్రకారం ఎక్కడుండాలో అక్కడ వెతికాడు. పక్కన వెతికాడు, కింద వెతికాడు. వెలుగు తప్ప ఏమీ లేదు. ఉండదని తెలిసే వెతికాడు.

"కనబడటం లేదు, యెమ్మా," అన్నాడు, అక్కడివాళ్లు తల్లిని పిలిచే పిలుపుతో.

"నువ్వు జరుగు నాయనా. ఎప్పుడు చూసినా ముందు మగాళ్లు లేదనేవాళ్లే. తర్వాత నేను చూసేదాన్ని."

ఇద్దరు ఆవిడని లేపి నిలబెట్టారు. వంగి, కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టింది. కప్పు మీద అందరూ బిగబట్టారు.

"అదిగో," అంది హద్దా. "అదిగో నా తల్లి. వంపు తిరిగి... ఎంత పెద్దదిగా ఉంది!"

శుభవేళల్లోలా నాలుకలు ఆడిస్తూ ఆడవాళ్లు ఒక్కసారిగా గలగలమన్నారు. ఆ మంగళధ్వని కొండ కిందిదాకా జారింది. తాహర్ ముందుకొచ్చి, వంగి, అదరాబాదరాగా కన్ను పెట్టి, "నాకూ... అవును, ఒక వంక, తెల్లగా!" అని తల్లిని కావలించుకున్నాడు.

గుంపు మధ్యలోంచి జులీఖా చూపు ఖమిస్సీని వెతుక్కుంటూ వచ్చింది. ఎదురింటి గోడ ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

అతను చప్పుడు కాకుండా గొట్టాన్ని పక్కకి తోశాడు, చంద్రుడు ఉండడానికే వీల్లేని వైపుకి. "ఇంకోసారి చూడు యెమ్మా. ఇప్పుడుందా?"

"ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంది."

పల్లె ఇమాము అప్పటికే జేబులోంచి ఫోన్ తీశాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. "రంజాన్ తేదీ తేల్చే పెద్దలకి కబురు చెయ్యాలంటే నమ్మకమైన ఇద్దరు చూశామని సాక్ష్యం చెప్పాలి. పొర కమ్మిన కళ్లని వాళ్లు ఒప్పుకోరు. తాహర్ ఒకడు. మాస్టారూ, మీరు?"

"మాస్టారు ఒక్క ఒట్టు వేస్తే చాలు," అన్నాడు తాహర్. కళ్లు తడిగా ఉన్నాయి. "ఆయన ఒట్టు ఎలాంటిదో నాకు తెలుసు. చెప్పండి మాస్టారూ. చూశానని, వల్లాహ్ అని."

చెబితే ఏం పోతుంది? ఎక్కడో రాజధానిలో పెద్దలు కూర్చుని ఉన్నారు. ఇంత చిన్న పల్లె మాట వాళ్లు కొట్టేస్తే కొట్టేస్తారు. ఈ ముసలావిడ మాత్రం ఆపరేషను బల్ల మీదికి నవ్వుతూ వెళుతుంది. తాహర్ కంట్లో తన పేరు ఇలాగే మెరుస్తూ ఉండిపోతుంది. ఒక్క మాట. నాలుకకి అలవాటైన మాట.

నాలుక కదల్లేదు.

"నేను చూడలేదు," అన్నాడు.

"ఇప్పుడు చూడండి మరి. గొట్టం ముందరే ఉన్నారుగా."

"చూసినా లేదు తాహర్. మీరు చూసింది చంద్రుణ్ణి కాదు. కన్ను పక్కకి జరిగితే ఈ గాజులో అలా వంక కనబడుతుంది. నేను ఒట్టు వెయ్యలేను."

తాహర్ ముఖం ఎర్రబడింది.

"మా అమ్మ అబద్ధం చెబుతోందంటారా? రేవులో గుప్పెడు గాజుల కోసం క్షణం ఆలోచించకుండా ఒట్టేశారు. ఇక్కడ ఇంతమంది ముందు మా అమ్మ కోసం ఒక్క ఒట్టు బరువైపోయిందా?"

"అందుకే," అన్నాడు ఖమిస్సీ. "రేవులో వేసిన ఒట్టు అబద్ధం."

చెప్పాక ఇక ఆగలేదు. "ఏ మసీదూ లేదు. అవి నా కోసం కొనుక్కున్నాను. అక్కడ చవగ్గా వచ్చాయని. సుంకం కడితే ఆ చవక పోతుందని అలా చెప్పాను. మా మసీదువాళ్లు టీవీ చూస్తారు తాహర్. నేనూ టీవీయే చూస్తాను."

గాలికి ఎవరిదో తలగుడ్డ కొస రెపరెపలాడుతోంది. తాహర్ టెలిస్కోపు వంక చూశాడు, ఖమిస్సీ వంక చూడలేదు.

"మా పైఆఫీసరుకి కూడా చెప్పాను," అన్నాడు చిన్నగా. "మసీదు సామాను, వదిలేశానని. ఆయన మంచి పని చేశావన్నాడు."

ఇమాము ఫోను జేబులో పెట్టుకున్నాడు. తాహర్ మెట్లు దిగి వెళ్లిపోయాడు. అతని వెనకే ఒక్కొక్కరూ దిగారు. పోతూ పోతూ ఒక ముసలాయన, "చదువుకున్నోళ్లు," అని మాత్రం అని, తక్కినది మింగేశాడు.

కప్పు మీద హద్దా, జులీఖా, ఖమిస్సీ మిగిలారు.

"అయితే నా కన్ను నన్ను మోసం చేసిందా?" అంది హద్దా. కోపమో దిగులో తెలియని గొంతు. "ఈ కళ్ల మాట మీద ఈ పల్లె ఉపవాసాలు మొదలుపెట్టింది, పండగలు చేసుకుంది."

"నీ కన్నుది కాదు యెమ్మా తప్పు. గాజుది. దాన్ని తెచ్చిన నాది."

జులీఖా అతన్ని మోచేత్తో పక్కకి జరిపి, గొట్టాన్ని మినారు గోడవైపు తిప్పింది. "పెద్దమ్మా, ఇలా రా. నాకూ ఇంటి దగ్గర ఇలాగే అయింది. వంక కనబడుతోందా?"

"కనబడుతోంది."

"అది మీ మినారు గోడ."

హద్దా తల ఎత్తింది. చేత్తో తడిమి గోడ ఎక్కడుందో చూసుకుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది.

"సున్నం గోడకి మంగళధ్వని చేయించానా! నలుగురు కోడళ్లు, ఇక చచ్చేదాకా చెప్పుకుంటారు. ఏదీ, కన్ను ఎలా పెట్టాలో చూపించవే అమ్మాయీ."

చీకటి పడి గోడ కూడా మాయమయ్యేదాకా జులీఖా ఆవిడ గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ జరుపుతూనే ఉంది.

కింద భోజనాలు పెట్టారు. ఎర్రటి పులుసులో నానిన రొట్టె ముక్కల చఖ్చూఖా, పైన మాంసం. తాహరే వడ్డించాడు. అందరికంటే పెద్ద ముక్క ఏరి ఖమిస్సీ వైపు పెట్టాడు, అతిథి కాబట్టి. పక్కన మాత్రం కూర్చోలేదు. టీవీలో పెద్దాయన వచ్చి, దేశంలో ఎక్కడా నెలవంక కనబడలేదని, ఉపవాసాలు ఎల్లుండి నుంచనీ చెప్పాడు. తన మాటే నెగ్గినందుకు ఖమిస్సీకి ఇసుమంత సంతోషం కూడా కలగలేదు.

బయల్దేరేటప్పుడు టెలిస్కోపుని, రెండు ఐపీసులతో సహా, అక్కడే వదిలాడు. "రేపు సాయంత్రం కనబడుతుంది యెమ్మా."

"ఒట్టు?" అంది హద్దా, పాలపొర కళ్లు అతని వైపు తిప్పి.

"ఒట్టు వెయ్యను. కనబడుతుంది."

మర్నాడు సాయంత్రం గెల్మాలో మేడమీదికెక్కితే నెలవంక ఉత్త కంటికే కనబడింది, గోరంత. ఖమిస్సీ దాన్ని చూడకుండా ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. అది మోగింది. హద్దా గొంతు, దూరంగా ఉన్నవాళ్లకి వినబడాలన్నట్టు పెద్దగా.

"నాయనా! ముందు నిన్నటిదే వచ్చింది, ఆ దొంగది. కన్ను జరిపాను. పోయింది. అప్పుడు నడిమధ్యన ఒకటి వచ్చింది, సన్నగా, నా చిన్నప్పటి చెవిపోగంత. కన్ను ఇటు జరిపాను, అటు జరిపాను. అది దాని చోటునుంచి కదల్లేదు. కదలనిదే నిజమైంది, అంతేనా?"

"అంతే, యెమ్మా."

"నా కోడళ్లకి చెప్పు ఆ మాట. నమ్మడం లేదు ముండలు. ఇదిగో, వీడు మాట్లాడతాడట."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. తాహర్. 'మాస్టారూ' అనలేదు. 'అన్నా' అని కూడా అనలేదు.

"శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం పొద్దున రేవు ఆఫీసుకి రావాలి మీరు. గాజులు రెండూ నేనే తెస్తాను. గొట్టం అమ్మ దగ్గర ఉంటుంది, ఆపరేషను అయ్యేదాకా. మీ సంగతి మీరు రాసివ్వాలి. నాది నేను రాసుకోవాలి."

"నీది కూడా ఎందుకు తాహర్? తప్పు నాది."

"తెరిచి చూడాల్సిన మేజోడుని చుట్టి ఇచ్చిన చెయ్యి నాది."

మేజోడు చుట్టిన ఆ చేతులే మళ్లీ ఖమిస్సీ కళ్లముందు మెదిలాయి. గాజు మీద వేలిముద్ర తుడిచిన చొక్కా అంచు కూడా.

"వస్తారా?" అన్నాడు తాహర్.

"వస్తాను."

తాహర్ ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ మాట వెనక ఒట్టు రావడం అక్కడి అలవాటు. దాని కోసమే తాహర్ ఆగాడేమో. అది ఖమిస్సీ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించాడు.

"సరే," అని తాహర్ ఫోన్ పెట్టేశాడు.